వెనక కూర్చున్నదెవరు?

నరసరావుపేటలో ఎరువుల కొట్టు సుధీర్ బాబును ఎరిగిన వాళ్లంతా నమ్ముతున్న సంగతి ఒకటుంది. ఆయన భార్య దేవిక టీచరు దసరా సెలవుల్లో ఎవడో టోపీవాడితో కలిసి సముద్రంలో పడవ షికారు చేసి వచ్చిందట. ఒకే పడవలో ముందు ఈమె, వెనక వాడు. ఎవరో చెప్పగా విన్నది కాదు, ఫొటో ఉంది. ఆధారం లేకుండానే నడవగల శక్తి పుకారుకు పుట్టుకతో ఉంటుంది. ఆధారం కూడా చేతికి దొరికితే ఇక దానికి అలుపన్నదే ఉండదు. నారింజ రంగు పడవ, దేవిక ఒంటి మీద లైఫ్ జాకెట్, చేతుల్లో అడ్డంగా తెడ్డు, ఆమె కుడి భుజం మీదుగా తొంగిచూస్తున్నట్టున్న మగవాడి ముఖం, ఆ ముఖాన్ని సగం కప్పిన వెడల్పాటి టోపీ. పడవ నేర్పిన వాళ్లు తమ పేజీలో పెట్టుకున్న ఆ ఫొటో ఏ ఫోన్లోంచి ఏ ఫోన్లోకి పాకిందో గాని, దీపావళి నాటికి కొట్టుకు వచ్చే రైతుల దాకా చేరింది.

అది ఇంటికి చేరిన ఉదయం దేవిక పొయ్యి ముందు ఉంది. ఒక బర్నరు మీద అత్తగారి రాగి జావ, రెండో దాని మీద రెండు క్యారేజీలకు సరిపడా దొండకాయ వేపుడు. సుధీర్ బాబు ఫోను తెచ్చి గట్టు మీద, తరిగిన ఉల్లిపాయల పక్కన పెట్టాడు.

"ఏందిది?"

"పడవ."

"పడవని నాకూ కనపడుతుందిలే. నీ ఎనక ఎవడు?"

"ప్రవీణ్ కుమార్ అని, మాకు నేర్పిన గైడు. పాతికేళ్లుంటాయి. అతనిది వేరే పడవ, నాకు చాలా వెనక ఉన్నాడు. దూరం నుంచి జూమ్ చేసి తీస్తే ముందున్నదీ వెనకున్నదీ అతుక్కుపోయినట్టు కనపడతాయి."

సుధీర్ బాబు ఫోను తీసుకుని జేబులో వేసుకున్నాడు. "నాకు తెలవదా? నువ్వు అట్టాంటిదానివి కాదు," అన్నాడు.

ఆ మాటకు ఆమెకు ఊరట కలగవలసింది. కలగలేదు. భర్తకు అనుమానం రాకపోవడం నమ్మకం వల్ల కాదని ఇన్నేళ్ల కాపురంలో ఆమె తెలుసుకుంది. అనుమానించాలన్నా, ఎదుటి మనిషిలో మనకు తెలియనిదేదో ఉందని ముందు ఒప్పుకోవాలి. దేవికలో తనకు తెలియనిది ఉందని సుధీర్ బాబు ఏనాడూ అనుకోలేదు.

నిజానికి ఆ ప్రయాణానికి మూలం సముద్రం కాదు, ఏడో తరగతి సాంఘిక శాస్త్రం. సుధీర్ బాబు తమ్ముడి కూతురు లిఖిత పక్క వీధిలో ఉంటుంది. రోజూ సాయంత్రం పుస్తకాల సంచీతో వచ్చి, కూరగాయలు తరిగే పెద్దమ్మ ఎదురుగా కూర్చుని చదువుకుంటుంది. చుట్టూ నీరు ఆవరించి ఉన్న భూభాగమే ద్వీపం అన్న వాక్యాన్ని రెండుసార్లు చదివి, ఆ పిల్ల తల ఎత్తింది.

"చుట్టూ నీళ్లున్నాయని ఎట్టా తెలుసు పెద్దమ్మా? ఎనక పక్క నేల అతుక్కుని ఉండొచ్చుగా? నువ్వు తిరిగి చూశావా?"

బొల్లాపల్లి హైస్కూల్లో, వాన చినుకు కోసం ఆకాశం వైపు చూసే మెట్ట రైతుల పిల్లలకు, దేవిక ఏళ్ల తరబడి సముద్రాలు బోధిస్తోంది. నల్లబల్ల మీద నీలం సుద్దతో ఎన్ని దీవుల చుట్టూ రంగు వేసిందో లెక్కలేదు. దేన్నయినా చూసి, కొలిచి, ఆ తరువాతే నమ్మమని పిల్లలకు పదేపదే చెబుతుంది. అటువంటి మనిషి లిఖితకు జవాబు చెప్పలేకపోయింది. సముద్రాన్ని ఆమె సూర్యలంకలో రెండుసార్లు చూసింది. రెండుసార్లూ ఇంటిల్లిపాదీ నీళ్లలోకి దిగితే, ఒడ్డున చెప్పులకూ ఫోన్లకూ కాపలా కూర్చుంది.

కర్ణాటకలో కార్వార్ దగ్గర సముద్రంలో దీవుల చుట్టూ కయాక్ నడపడం నేర్పుతారని తెలుసుకుని, పేరు నమోదు చేసుకున్నాకే ఇంట్లో చెప్పింది. దాచలేదు. దాచనవసరం లేదని ఆమె అభిప్రాయం.

"ఎవరు తీసుకుపోతున్నారు?" అని అడిగింది అత్తగారు వెంకటరమణమ్మ.

"ఎవరూ తీసుకుపోవడం లేదత్తయ్యా. నేనే పోతున్నా."

"అది సరేలేమ్మాయ్. ఎవరు తీసుకుపోతున్నారని?"

సుధీర్ బాబు పెద్దగా నవ్వాడు. "పోనీలేమ్మా, ఒక్క అల తగిలితే మర్నాటి బండికే తిరిగొస్తది," అన్నాడు. ఆ తరువాత ఆలోచించి, "మరి అమ్మకు జావ?" అని అడిగాడు. దేవిక రాగి పిండి పాళ్లు విడివిడిగా పొట్లాలు కట్టి, ఫ్రిజ్జు నిండా కూరలు సర్ది, నరసరావుపేట స్టేషన్లో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హుబ్లీలో దిగి, కార్వార్ బస్సు పట్టుకుంది. కిటికీ పక్కన కూర్చున్నాక గాని గుర్తు రాలేదు, తన టిక్కెట్టు తన చేతిలోనే ఉండటం అదే మొదటిసారి అని.

కయాక్ అంటే చిక్కుడుకాయలాంటి సన్నని పడవ. కాళ్లు చాపుకుని నడుము దాకా అందులోకి దూరి కూర్చోవాలి. తెడ్డుకు రెండు చివరలా రేకులుంటాయి. ఒకటి నీళ్లలో మునిగితే రెండోది గాలిలోకి లేస్తుంది. మొదటి రెండు రోజులూ ఏటిపాయలో సాధన చేయించారు. అచ్చంపేటలో పుట్టి, పన్నెండో ఏట ఓణీలు వేసేదాకా కృష్ణలో ఈదిన ఒళ్లు ఆమెది. మర్చిపోయాననుకున్నది మనసు గాని, భుజాలు మరిచిపోలేదు. మూడో రోజు అసలు దీవి. గైడు ఆమెకు పటాన్నీ దిక్సూచినీ ఇచ్చి, ఈ రోజు దారి మీరే చూపించండి, మేం మీ వెనక వస్తాం అన్నాడు.

దేవిక పటాన్ని నీరు తగలని తొడుగులో పెట్టి, ఎదురుగా పడవ మీది రబ్బరు తాళ్ల కింద దోపుకుంది. దీవి ముందు వైపున భయమేమీ లేదు. ఒడ్డూ ఇళ్లూ కనిపిస్తూనే ఉన్నాయి. వెనక వైపుకు తిరిగేసరికి నేల మాయమైంది. పెద్ద పెద్ద అలలు, విరగకుండా, నిద్రలో ఊపిరి తీసే జంతువు వీపులా లేచి దిగుతున్నాయి. అల కిందికి దిగిన ప్రతిసారీ లోకంలో నీళ్లు తప్ప ఏమీ లేనట్టుండేది. అప్పుడు ఆమె పటం వంక చూసింది. దీవి మూల దాటాక ఒక చిన్న గుర్తు ఉంది, నీటిలో మునిగిన బండ అని. తల ఎత్తి చూస్తే, సరిగ్గా ఆ వైపున తెల్లగా నురుగు. కాగితం మీద తాను నమ్మి, ఇతరులను నమ్మించిన గీతలు అబద్ధం కావని కళ్లారా చూసిన ఆ క్షణంలో, ఆమెకు ఎందుకో ఏడుపొచ్చింది.

తిరుగుదారిలో ఇంకో సంగతి నేర్చుకుంది. దిగవలసిన ఇసుక తిన్నె వైపే పడవ ముక్కు ఉంది, కానీ తిన్నె పక్కకు జారిపోతోంది. తిన్నె మీద ఒక నల్ల బండ, దాని వెనక కొండ మీద సెల్ టవరు. ఆ రెండూ ఒకే వరుసలో కనిపించినంతసేపూ దారి సరైనట్టు. విడిపోతున్నాయంటే ప్రవాహం మనిషిని పక్కకు లాగుతున్నట్టు. అప్పుడు చేరవలసిన చోటుకు గురిపెట్టకూడదు. ప్రవాహానికి ఎదురుగా కొంత అవతలికి గురిపెట్టాలి. ఈ విద్య తనకు కొత్త కాదని దేవికకు తెలిసి నవ్వొచ్చింది. అచ్చంపేటలో తల్లిని చూడాలంటే, తల్లి పేరెత్తకుండా ముందు అత్తగారి కంటి పరీక్ష మాటెత్తడం, ఆ ఆసుపత్రి దారిలో అచ్చంపేట తగిలేటట్టు చూడటం, ఆ ఆలోచన భర్త నోట వచ్చేదాకా ఆగడం. ఇంట్లో ప్రతిసారీ ఆ లెక్క వేస్తున్నప్పుడు లోపల ఎక్కడో సిగ్గుగా ఉండేది. ఇక్కడ సిగ్గు లేదు. నీటికి అహం లేదు. దాన్ని బతిమాలనక్కర్లేదు, దాని మెప్పు అక్కర్లేదు; అర్థం చేసుకుంటే చాలు.

బండా టవరూ మళ్లీ ఒక వరుసలోకి వచ్చాయి. ఒడ్డు చేరి, బొబ్బలెక్కిన చేతులతోనే లిఖితకు ఫోను చేసింది. "చూశానే. అంతా తిరిగి చూశా. చుట్టూ నీళ్లే."

ఆ బొబ్బలు మానకముందే పుకారు పుట్టింది. బొల్లాపల్లి బస్సులో పక్క సీట్లో కూర్చునే లెక్కల టీచరు కుల్సుం రోజూ దాని ఆరోగ్యం చెప్పేది.

"నిన్న వాడికి టోపీ ఒక్కటే ఉందా? ఇవాళ్టికి మీసాలు మొలిచినయ్ దేవికా. రేపటికి బెంగుళూర్లో ఉద్యోగం కూడా వచ్చుద్ది, చూస్కో."

"నువ్వేమన్నావు?"

"ఫొటోలో కనపడేది రెండు తలలు, పడవలు ఎన్నో లెక్కపెట్టారా అన్నా. లెక్కలు బళ్లో చెప్పుకోమన్నారు."

ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ ఆ సాయంత్రం లిఖిత రాలేదు. మర్నాడూ రాలేదు. "ఫంక్షన్ పనులక్కా, పిల్లకు తీరట్లా," అని తోడికోడలు ఫోన్లో చెప్పిన గొంతులో పనుల తొందరేమీ లేదు. దేవిక కూరగాయల పీట ముందు కూర్చుని, ఎదుటి ఖాళీ చోటు వైపు చూసింది. ఊరు ఏమనుకున్నా భరించగలదు. ఆ పిల్ల, తిరిగి చూశావా అని అడిగిన ఆ ఒక్క పిల్ల, తన దగ్గరకు రాకుండా పోవడాన్ని భరించలేకపోయింది.

సుధీర్ బాబు ఉపాయం అప్పుడే చెప్పాడు.

"ఆదివారం లిఖిత ఓణీల ఫంక్షన్లో అందరూ ఉంటారుగా. ఆ టోపీ మనిషిని నేనే అని చెబుతా. ముఖం ఎట్టాగూ సరిగ్గా కనపడదు. మొగుడూ పెళ్లాం షికారుకు పోయారంటే ఇంక అనేదానికి ఏముంటది?"

"ఆ నాలుగు రోజులూ మీరు కొట్లోనే ఉన్నారు కదండీ."

"ఎవడికి గుర్తుంటదే? నెల దాటింది. లిఖితను కూడా మళ్లీ పంపుతారు, చూడు."

"మరి నేనేం చెప్పాలి?"

"నువ్వు చెప్పేదేముంది? నవ్వు, చాలు."

ఆయన దాన్ని ప్రేమతోనే అన్నాడు. దేవిక గిన్నెలు సర్దుతూ ఆలోచించింది. పొలం గట్టు తగాదాలో, సర్వే పటం ముందేసుకుని, కొలత మొదలుపెట్టవలసిన రాయి అది కాదని కనిపెట్టింది తాను. తహసీల్దారు ముందు వేలు పెట్టి చూపించింది సుధీర్ బాబు. మా వాడి బుర్రే బుర్ర అని చుట్టాలు మెచ్చుకుంటుంటే, ఆ రోజు అందరికీ టీలు ఇచ్చి తాను నవ్వింది. ఇప్పుడు కట్టుకున్న ఈ ఇంటి నమూనా గీసిందీ తానే. అది అడిగిన వాళ్లకు సుధీర్ బాబు ప్లాను. అప్పుడూ నవ్వింది. అలా ఇచ్చేసినవన్నీ ఇంటి కోసమే అనుకుంది, ఇల్లు తనది కూడా కాబట్టి. కానీ దీవి వెనక, నేల కనిపించని ఆ కాసేపూ ఇంటిది కాదు. దాన్ని ఎవరికి ఇచ్చినా, ఊరు పుట్టించిన టోపీవాడికి ఇచ్చినా, తాళి కట్టిన మొగుడికి ఇచ్చినా, ఇచ్చేసినట్టే. ఇద్దరిలో ఎవరు కూర్చున్నా కూర్చునేది తన వెనకే, తెడ్డు వాళ్లదే.

ఆదివారం ఫంక్షన్ హాల్లో లిఖిత పూలజడతో, బరువైన పట్టు ఓణీతో, సింహాసనంలాంటి కుర్చీలో కదలకుండా కూర్చుంది. దేవిక అక్షింతలు వేసి పక్కన నిలబడింది. అచ్చంపేటలో ఇట్లాంటి కుర్చీలోంచి లేచిన తరువాతే తనకు కృష్ణలో ఈత ఆగిపోయింది.

వేదిక ముందు వరుసలో సుధీర్ బాబు కథ మొదలుపెట్టాడు. నీళ్ల సీసాను తెడ్డులా పట్టుకుని, ఒకే పక్కకు లాగుతున్నాడు.

"ఒరేయ్, ఆ టోపీ నాదేరా! ఎండకు పెట్టుకున్నా. ఎనకమాల కూచుని తెడ్డేసింది నేను, ముందు కూచుని ఫోజిచ్చింది మీ వదిన."

"అన్నా, నీకు ఈతొచ్చా అసలు?"

"నాకెందుకురా? ముందుంది ఆమె. మునిగితే ముందు ఆమే మునుగుద్ది!"

హాలు ఘొల్లుమంది. "నేనప్పుడే అనుకున్నా, మా వాడే తీసుకుపోయి ఉంటాడని," అంది వెంకటరమణమ్మ. ఆ సెలవుల్లో పూటపూటా కొడుక్కు స్వయంగా వడ్డించిన మనిషి ఆ మాట అబద్ధమని తెలిసి అనలేదు. ఆమె ముఖంలో హాయి చూస్తే, నిజంగానే నమ్మిందని దేవికకు అర్థమైంది.

తోడికోడలు దగ్గరకు వచ్చి చేయి పట్టుకుంది. "ఈ ముక్క ముందే చెబితే ఏమక్కా? రేపటి నుంచి పంపుతాలే లిఖితని."

సుధీర్ బాబు భార్య వైపు చూశాడు. నవ్వాల్సిన చోటు అదే.

లిఖిత పూలజడ బరువుకు మెడ తిప్పలేక, ఒళ్లంతా తిప్పి చూసింది. "పెద్దమ్మా, చుట్టూ తిరిగి చూశానన్నావుగా. పెదనాన్న తిప్పాడా?"

పాట మారుతోంది. స్పీకర్లు ఒక్క క్షణం మూగబోయాయి. దేవిక నవ్వలేదు. బండా టవరూ ఒక వరుసలో ఉన్నాయో లేవో చూసుకుంటున్నట్టు, ఆ పిల్ల కళ్లలోకి సూటిగా చూసింది.

"లేదమ్మా," అంది, వెనక వరుసలకు కూడా వినిపించే బడి గొంతుతో. "ఆ పడవలో సీటు ఒకటే."