రెండు బొమ్మలూ కలిసేదాకా

"కదలకు అత్తా" అంటున్నాను నేను, కాకినాడలో మా మేనత్త అలివేలు బాత్‌రూములో నిలబడి. ఎర్రబల్బు పెట్టుకుని ఆవిడ ఫొటోలు కడిగే ఆ బాత్‌రూము ఇవాళ ఎందుకో బీచి రోడ్డంత పొడుగ్గా ఉంది, చివర తాడు మీద తడి ఫొటోలతో పాటు అత్త కూడా క్లిప్పులకి వేలాడుతూ, కాళ్ళు ఊపుకుంటూ నన్ను చూసి నవ్వుతోంది.

"చచ్చినదాన్ని, నేనేం కదుల్తానురా? వణుకుతున్నది నీ చెయ్యి."

పోయి ఏడాది కావస్తున్నా నోరు మాత్రం పోలేదు. ఈవిడ దగ్గర ఎన్ని పాత కెమేరాలుండేవంటే, ఇంట్లో కుర్చీలన్నీ వాటికే సరిపోయి చుట్టాలు నిలబడే కాఫీ తాగి వెళ్ళేవారు, వీధికుక్కలు కూడా ఆవిడ కనబడితే ఆగి, మెడ సర్దుకుని పోజు పెట్టేవి. అందరినీ తీసిన ఈ మనిషి తన ఫొటో మాత్రం ఎవరినీ తియ్యనిచ్చేది కాదు, ఆస్పత్రిలో నేను కెమేరా ఎత్తితే గోడవైపు తిరిగిపోయేది. ఆవిడ ముఖం నాకు రోజురోజుకీ చెరిగిపోతోంది, అందుకే ఆవిడ కెమేరానే కంటికి ఆనించుకుని, రీలులో మిగిలిన ఆఖరి ఫొటో కోసం బతిమాలుతున్నాను.

"ఒక్కటి తీసుకోనీ అత్తా, ఒకే ఒక్కటి."

"నువ్వు తీస్తే బతికున్నవాళ్ళే శవాల్లా వస్తార్రా శాయీ. మీ అమ్మని తీశావు, గుర్తుందా? అది చూసి వీధిలోవాళ్ళు పరామర్శకొచ్చారు."

"నువ్వేం తక్కువా? నీ ఫొటో చూసే కదా పెళ్ళివారు మా అక్కని వద్దన్నారు."

"మీ అక్కని చూసి వద్దన్నారు. నా ఫొటో చూసే అసలు వచ్చారు."

అత్త క్లిప్పులు విప్పుకుని దిగుతుంది, దిగినచోట నీళ్ళ బదులు ఇసక, వెనకాల సముద్రమో ఆస్పత్రి వరండానో తెలియని తెల్లటి వెలుగు. ఈ కెమేరాలోంచి చూస్తే ఎదటిమనిషి ఇద్దరుగా కనబడతాడు, ముందున్న రింగు తిప్పుతూ ఆ రెండు బొమ్మల్నీ ఒకదానిమీదికొకటి తెచ్చాకే మీట నొక్కాలి, ఆవిడే నేర్పింది. చూస్తే నిజంగానే ఇద్దరున్నారు, ఒకత్తె కాలేజీ పిల్ల, నా చెయ్యంత లావు జడ, రెండోది మందులకి జుట్టంతా ఊడిపోయిన ఆఖరి రోజుల అత్త. రింగు తిప్పుతూంటే ఇద్దరూ దగ్గరికొస్తారు, భుజాలు కలుస్తాయి, ముక్కులు రాసుకుంటాయి, సరిగ్గా అప్పుడే చెరో పక్కకీ జరిగిపోతారు.

"కలవవురా. ఒకత్తెని తీసుకో, రెండోదాన్ని నాతో తీసుకుపోతా" అంటుంది అత్త రెండు నోళ్ళతో.

నేను జడ ఉన్నవైపు తిరుగుతాను.

"ఓహో" అంటుంది గుండు అత్త. "ఆర్నెల్లు ముద్దలు కలిపి పెట్టావు కదరా, ఇప్పుడు అక్కర్లేదన్నమాట. అందంగా లేననా?"

సిగ్గేసి ఇటు తిరుగుతాను.

"కానియ్, మంచానపడ్డదాన్నే గోడకి తగిలించు" అంటుంది జడ అత్త. "వచ్చినవాళ్ళంతా అయ్యో అంటూంటే రోజూ మళ్ళీ జబ్బుపడుతూంటాను. నన్నైతే నువ్వు చూడనేలేదు. నువ్వు పుట్టేసరికే నేను లేను."

"మరి మధ్యలో నువ్వేమయ్యావత్తా? నాకు కెమేరా నేర్పినదానివి?"

ఇద్దరూ ఒకేసారి నవ్వుతారు.

"అది గుర్తుంచుకోవాల్సింది నువ్వు కదరా. మమ్మల్నడుగుతావేంటి?"

రింగు ఎక్కడుందో కూడా చూడకుండా, ఏడుస్తూ మీట నొక్కేస్తాను.

ఫోను మోగితే మెలకువ వచ్చింది, అప్పటికే ఎండ మంచం మీదికొచ్చేసింది. సంవత్సరీకానికి పటం కట్టించాలని, అత్త తప్పనిసరై దిగినవి ఇంట్లో దొరికిన రెండు ఫొటోలూ నాన్న ఒక స్టూడియోలో ఇచ్చాడు, కాలేజీ కార్డు మీదిదీ ఆస్పత్రి కార్డు మీదిదీ. స్టూడియో అతను వాట్సాప్‌లో పంపాడు: "సార్, రెండూ సరిగా లేవు. ఒకదాంట్లో జుట్టూ బుగ్గలూ, ఒకదాంట్లో కళ్ళూ తీసుకుని కలిపేశాను. పట్టుచీర కూడా కట్టేశాను. ఓకేనా?"

కింద ఫొటోలో ఎవరో ఒకావిడ, అత్త జన్మలో నవ్వనంత శాంతంగా నవ్వుతోంది. నాన్న నా భుజం మీంచి వంగి చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

"అచ్చం మా అలివేలేరా" అన్నాడు.

కాదు అందామని మళ్ళీ చూశాను. కాసేపు చూశాక నాకూ అలాగే అనిపించింది.