నోరు కట్టుకున్న వంటవాడు

ఉల్లిపాయలు ఎర్రబడుతున్న వాసన ముక్కుకి తగలగానే అతను కళ్ళు మూసుకున్నాడు. ఇంకో అర నిమిషం. గరిటె అంచుతో మూకుడు అడుగు ఒకసారి గీరి, మళ్ళీ వాసన పీల్చి, ఇక చాలనుకుని రెండు పెద్ద గిన్నెల టమాటా ముక్కలు జారవిడిచాడు. చుయ్యిమని లేచిన ఆవిరికి కళ్ళజోడు మసకబారింది. తుడుచుకోలేదు. ఈ ఏడు నెలల్లో అతను ముక్కుతోనూ చెవులతోనూ వండడం నేర్చుకున్నాడు.

పొయ్యి ముందు ఎత్తుపాటి ఇనుప స్టూలు. దాని మీద అతను. ఎడమ కాలు తిన్నగా చాపి, బోర్లించిన చెక్కపెట్టె మీద పెట్టుకున్నాడు. ఎనిమిదేళ్ళ కిందట గంజి వారుస్తూ ఆ గంజిలోనే జారిపడితే మోకాటి చిప్ప మూడు ముక్కలైంది. తీగలు వేసి కట్టారు. అప్పటినుంచి ఆ కాలు సగం కన్నా ఎక్కువ వంగదు. వంద అడుగులు వేస్తే సాయంత్రానికి సొరకాయలా వాస్తుంది.

"పుల్లమ్మా, ఇటు రా ఒకసారి."

కూరగాయలు తరిగే ఆమె కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఎంత తిన్నా ఒంటికి పట్టని మనిషి కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. గరిటెలోది అరచేతిలో వేసుకుని, ఊది, నాలుక చప్పరించింది.

"పులుపు కొంచెం ముందుకొచ్చిందన్నా."

అతను గుప్పెడు చక్కెర వేసి కలిపాడు. తను మాత్రం నోట్లో వేసుకోలేదు.

"ఇవాళేగా?" అంది ఆమె, ఎవరికీ వినపడకూడదన్నట్టు.

"ఇవాళే. మూడింటికి."

"నాకు పొద్దుట్నుంచి చేతులు ఆడడం లేదన్నా. క్యారెట్లు చూడు, ఒక్క ముక్క ఇంకో ముక్కలా లేదు."

అతను గరిటె మూకుడు అంచుకి ఆనించి మంట తగ్గించాడు.

బోల్టులు చేసే ఆ ఫ్యాక్టరీలో మూడు వందల ఇరవై మంది ఒంటిగంటకి భోజనానికి కూర్చుంటారు. వాళ్ళకి ఇరవై ఆరేళ్ళుగా వండిపెడుతున్నాడు. ఫ్యాక్టరీలో అతన్ని 'బస్తా' అంటారు. పిలిచేవాళ్ళకి వెటకారం లేదు, పలికేవాడికి కోపం లేదు. జీవితంలో దేనిలోనూ మొదటివాడు కాలేదు, చివరివాడూ కాలేదు. ఒకే ఒక్కసారి నోటీసు బోర్డు మీద అతని పేరు అచ్చయింది, అదీ తప్పుగా. ఆ సంగతి ఎవరూ గమనించలేదు, అతనితో సహా.

ఇంట్లో అతనూ, అక్కా. అమ్మ పోయేనాటికి అక్కకి పదమూడేళ్ళు, అతనికి తొమ్మిది. వండిన నాలుగు మెతుకుల్లో అక్క తన వాటా సగం తమ్ముడి కంచంలోకి తోసి, "నాకు ఆకలి లేదురా" అనేది. పెద్దయ్యాక లాండ్రీలో ఇస్త్రీ పనికి చేరింది. పెళ్ళయింది, నాలుగేళ్ళకి భర్త పోయాడు, తిరిగొచ్చింది. తమ్ముడి పెళ్ళి ఊసు ఎవరూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. రోజూ రాత్రి ఎదురుగా కూర్చుని "ఇంకొంచెం, ఇంకొంచెం" అని వడ్డించేది. రోజంతా వండి వచ్చినవాడు, కాదనలేక మళ్ళీ తినేవాడు. నూట మూడు కిలోలు ఊరికే రాలేదు.

రెండేళ్ళ కిందట అక్క కిడ్నీలు రెండూ మొరాయించాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్. చేతి నరాలు ఒక్కొక్కటే పూడుకుపోతున్నాయి, ఇక ఎంతో కాలం సూదికి చోటుండదన్నారు. తమ్ముడు ఒక కిడ్నీ నేనిస్తానన్నాడు. రక్తం కలిసింది, మిగతా పరీక్షలన్నీ కలిశాయి. కలవనిదల్లా అతని బరువొక్కటే.

"ఇంత బరువున్న మనిషిని కోయడం మీకే ప్రమాదం. తర్వాత మిగిలే ఒక్క కిడ్నీకీ ప్రమాదం. ఏడు నెలలు టైమిస్తాను, ఎనభై అయిదుకి దిగి రండి, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు పెద్ద డాక్టరు.

ఎముకల డాక్టరేమో, "నడక, మెట్లు, పరుగు ఏవీ వద్దు. ఆ మోకాలు ఓర్చుకోదు" అన్నాడు.

ఈ కబురు వంటింట్లో చెప్పినప్పుడు స్టోరు గుమాస్తా పొట్ట పట్టుకుని నవ్వాడు. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు గానీ బస్తా, కూర్చుని తినకపోతే పొట్ట కరుగుతుందని ఎవరన్నారు? చెమట పట్టకుండా కొవ్వు పోతుందా ఎక్కడైనా?"

అదే ప్రశ్న అతను ఆసుపత్రిలో ఆహారం సంగతి చూసే అమ్మాయిని అడిగాడు. పాతికేళ్ళుంటాయి ఆ పిల్లకి. పెన్ను మూత నములుతూ ఆలోచించింది.

"వ్యాయామం మంచిదేనండీ. గుండెకి మంచిది, కండకి మంచిది. చేయగలిగితే చేయించేదాన్నే. కానీ గంట పరిగెత్తి కరిగించింది పది నిమిషాల్లో తిని తెచ్చుకోవచ్చు. మీ పని కాళ్ళ దగ్గర లేదు, నోటి దగ్గరుంది. కాకపోతే నెమ్మదిగా తగ్గుతారు. ఒక్కోసారి అసలు కదలరు. అప్పుడు విసుగొచ్చి మానేయకూడదు. కండ కరిగిపోకుండా పప్పు, గుడ్డు మాత్రం తగ్గించొద్దు."

వారం రోజులు తిన్నదంతా రాసుకురమ్మంది. రాసుకెళ్ళాడు. చదివి తలెత్తింది.

"మరి రుచి చూసేవి?"

"అవి తిండి కాదమ్మా, పని."

"ఒక్క రోజు ఆ పనంతా ఒక గిన్నెలో వేసి చూడండి."

మర్నాడు అలాగే చేశాడు. రుచికి నోట్లో వేసుకోబోయిన ప్రతి గరిటెడూ పక్కన గిన్నెలో పోశాడు. పప్పు మూడుసార్లు, కూర నాలుగుసార్లు, వేగినవి సరిగా వేగాయో లేదోనని ఐదారు, అడుగంటినది పారేయలేక రెండు గరిటెలు. భోజనాల గంట కొట్టేసరికి గిన్నె అంచుల దాకా నిండింది. ఇద్దరు మనుషుల తిండి. అది చూసి అతను నోరు తెరిచాడు, ఆ నోటిని తినడానికి కాకుండా ఇంకో పనికి తెరవడం ఆ వంటింట్లో అదే మొదటిసారి.

ఆ రోజునుంచి రుచి చూసే ఉద్యోగం పుల్లమ్మది.

మొదటి నెల కడుపులో ఎవరో తలుపు బాదుతున్నట్టుండేది. మూకుళ్ళ మధ్య కూర్చుని, మూడు వందల మందికి వడ్డించి, తను ఒక కప్పు అన్నం, రెండు కప్పుల కూర, ఒక గుడ్డు. రాత్రి ఇంటికెళితే అక్కది ఇంకో బాధ. రోజు మొత్తానికి ఒకటే సీసా నీళ్ళు తాగాలి, గీతలు పెట్టుకుంది సీసా మీద. ఆమె సీసా కేసి, అతను గిన్నె కేసి చూసుకుని, దొంగతనంలో దొరికిన పిల్లల్లా నవ్వుకునేవాళ్ళు. నలభై ఏళ్ళు "ఇంకొంచెం" అన్న నోటితో "చాల్లేరా" అనడం ఆమెకి నీళ్ళు మానుకోవడం కన్నా కష్టమైంది. అయినా అంది, రోజూ అంది.

నూట మూడు తొంభై ఎనిమిదైంది. తొంభై మూడైంది. ఆరో నెలలో ఎనభై ఏడున్నర దగ్గర మొండికేసింది. మూడు వారాలు అంకె కదల్లేదు. ఆ అమ్మాయి చెప్పింది కాబట్టి మానలేదు. లేకపోతే ఆ మూడు వారాలే చాలు మనిషి పట్టు సడలడానికి.

ఇవాళ డాక్టరు పెట్టిన గడువు.

పదకొండున్నరకి స్టోరు గుమాస్తా తలుపు దగ్గర నిలబడ్డాడు. నవ్వినవాడే, ఇప్పుడు అందరికన్నా ఎక్కువ కంగారు పడుతున్నాడు.

"బస్తా, బియ్యం కాటా ఖాళీగా ఉంది. ఒక్కసారి ఎక్కి చూసుకుందాం రా."

"వద్దన్నా" అంది పుల్లమ్మ. "చూద్దామన్నా" అంది మళ్ళీ వెంటనే.

అతను ఏప్రన్ విప్పాడు, తాళాల గుత్తి తీసి పక్కన పెట్టాడు. ఇద్దరి భుజాలు పట్టుకుని ఇనుప పలక మీదకి ఎక్కాడు. అంకెలు ఎర్రగా పరిగెత్తి ఆగాయి.

ఎనభై ఆరు.

మూత కింద పప్పు కుతకుతలాడుతోంది.

"ఇవాళ మధ్యాహ్నం అన్నం మానెయ్యి. నీళ్ళు కూడా తాగకు. మూడు గంటల్లో కిలో దిగదూ?" అన్నాడు గుమాస్తా. "జుట్టు తీయించేసినా కొంత..."

"ఉన్నదే పిడికెడు" అంది పుల్లమ్మ, ఏడుపూ నవ్వూ కలిపి.

అతను పలక దిగాడు. మోకాలు కలుక్కుమంది.

"నీళ్ళు మానేసి కాటాని మోసం చేస్తే, రేపు బల్ల మీద పడుకునేది నేనే కదా" అన్నాడు. "తినాల్సింది తినే వెళతాను."

ఒంటిగంటకి అందరికీ వడ్డన అయ్యాక తన పళ్ళెం పెట్టుకున్నాడు. ఒక కప్పు అన్నం, రెండు కప్పుల కూర, గుడ్డు. ఒక్కో ముద్దా నిదానంగా నమిలాడు. రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు. పుల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అతను మింగే ప్రతి గుక్కనీ లెక్కపెట్టింది.

ఆసుపత్రిలో తూకం యంత్రం గోడవారన ఉంది. ఆ అమ్మాయి కాగితం మీద తేదీ వేసి, "రండి" అంది. చెప్పులు విప్పాడు. జేబులోని రుమాలు కూడా తీసి కుర్చీ మీద పెట్టాడు. ఎక్కి, తల కిందకి దించకుండా ఎదుటి గోడ మీద పగులు చూస్తూ నిలబడ్డాడు. పగులు ఒక కొమ్మలా ఉంది. మూడు చీలికలు.

"దిగండి" అంది ఆ అమ్మాయి.

దిగాడు.

"మళ్ళీ ఎక్కండి."

ఎక్కాడు.

"ఎనభై నాలుగు పాయింట్ ఆరు" అంది ఆమె. చేతిలో పెన్ను పడేసి చప్పట్లు కొట్టింది, వరసలో కూర్చున్న రోగులంతా ఎందుకో తెలియకపోయినా తలెత్తి నవ్వారు. అతను ఇంకా పలక మీదే ఉన్నాడు. ఎలా దిగాలో మర్చిపోయినట్టున్నాడు.

పెద్ద డాక్టరు కాగితం చూసి, అతన్ని చూసి, మళ్ళీ కాగితం చూశాడు. "ఆ మోకాలితోనా?"

"నోటితోనండీ" అన్నాడు అతను.

డాక్టరు నవ్వి, క్యాలెండరు దగ్గరకు లాక్కున్నాడు. "సాయంత్రమే చేరిపోండి. రేపు ఎల్లుండి పరీక్షలు. అన్నీ బాగుంటే గురువారం పొద్దున్నే ఇద్దరికీ."

డయాలసిస్ వార్డులో అక్క కిటికీ పక్క మంచం మీద ఉంది. యంత్రం గొట్టాల్లో ఎర్రగా తిరుగుతోంది. తమ్ముడు కుంటుకుంటూ వస్తుంటే దూరంనుంచే వాడి ముఖం వెతికింది.

"ఎంత?"

"ఎనభై నాలుగూ ఆరు."

"సరిగ్గా చూశారా?"

"రెండుసార్లు ఎక్కించారు."

ఆమె పెదాలు తడుపుకుంది. చాలాసేపు అతని దవడలు, మెడ కింద వదులైన చర్మం చూస్తూ ఉండిపోయింది.

"చిక్కిపోయావురా."

"అందుకేగా ఇంత గొడవ!"

"కిందటి వారం నిద్రలో నములుతున్నావు. ఉత్త నోరు. చూసి ఏడుపొచ్చింది."

"కలలో తిన్నది లెక్కలోకి రాదంట. ఆ అమ్మాయిని అడిగాను."

నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "చిన్నప్పుడు నాకు ఆకలి లేదనేదాన్ని కదా, అబద్ధమని తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసీ తినేవాడివా?"

"ఆకలేసేది అక్కా."

యంత్రం బీప్‌మంది, నర్సు వచ్చి ఏదో మీట నొక్కి వెళ్ళింది. అతను అక్క చేతిని, సూదులు లేనిచోట, రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

"నాకొకటి చాలే" అన్నాడు. "రెండోదాని మీద ఆకలి లేదు."

అయిదింటికి తాళాలు అప్పగించడానికి వంటింటికి వచ్చేసరికి గుమాస్తా గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు. అంకె వినగానే ఒక్క గెంతు గెంతాడు. మరుక్షణం ముఖం మారింది.

"ఉండు ఉండు. అంటే మన కాటా కిలో చిల్లర ఎక్కువ చూపిస్తోందన్నమాట. అంటే ఇన్నాళ్ళూ బస్తాకి అంత బియ్యం తక్కువొచ్చింది! ఫ్యాక్టరీ మొత్తానికి పథ్యం పెట్టిందిరా బాబూ ఈ కాటా!"

పాత్రలు తోమేవాళ్ళు, వడ్డించేవాళ్ళు, అందరూ పగలబడి నవ్వారు. ఎవరో పళ్ళెం మీద గరిటెతో వాయించారు. పుల్లమ్మ అతని చుట్టూ తిరిగి చూసింది. "అన్నా, నువ్వు ఇప్పుడు బస్తావి కాదు. సంచివి."

ఆ నవ్వుల మధ్యలోనే అతను తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టాడు. రేపటి పప్పు నానబెట్టమన్నాడు, వెనక పొయ్యి మంట ఎడమవైపు ఎక్కువ, చూసుకోమన్నాడు. ఎప్పుడొస్తావని ఎవరో అడిగితే, "నెల" అన్నాడు. చెయ్యి ఊపలేదు. పొద్దున్నే వచ్చేవాడిలా గుమ్మం దాటి, గోడ పట్టుకుంటూ, బస్సు ఆగే చోటికి నడిచాడు. వంద అడుగుల కన్నా ఎక్కువే.

మర్నాడు పుల్లమ్మ అతని అల్మరా తలుపు తీసింది. లోపల పై అర నిండా కాగితం పొట్లాలు, దారం చుట్టి, వరసగా. ఒక్కోదాని మీద వంకర అక్షరాలతో 'పప్పు' అనో 'కూర' అనో రాసి ఉంది. ఒకటి విప్పింది. ఉప్పు. మూడు వందల ఇరవై మందికి అతను పిడికిళ్ళతో ఎంత వేసేవాడో అంత. లెక్కపెట్టింది. సరిగ్గా నెల రోజులకి ఉన్నాయి. కాగితాల అంచులు అప్పటికే పసుపు పచ్చగా మారాయి. నిన్నా మొన్నా కట్టినవి కావు.

ఆఖరి పొట్లం మూల కొంచెం విడిపోయి, నాలుగు ఉప్పు రాళ్ళు అర మీద తెల్లగా పడి ఉన్నాయి.