లోడు మీద చూడాలి

జూలూరుపాడులో నాది మోటారు వైండింగ్ షాపు. కాలిన మోటార్లు విప్పి, మాడిన రాగి తీగ పీకి, కొత్తది చుట్టి ఇస్తాను. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. నేను చదివింది ఊరి బడిలో, ఏడు వరకు. కంప్యూటరు సంగతి నాకు తెలియదు. కానీ నా కూతురు స్తుతికి ఖమ్మంలో సివిల్ ఇంజనీరింగ్ సీటు వచ్చింది. కాలేజీ తెరిచేలోపు కంప్యూటరు కొనాలి. మేం ఒక్కసారే కొనగలం. తప్పుది కొంటే నాలుగేళ్లూ పిల్ల దాంతోనే ఏడవాలి.

ఏది కొనాలో మా బామ్మర్ది జస్టిన్ ముందే తేల్చేశాడు.

జస్టిన్ కొత్తగూడెంలో గుమాస్తా. నా భార్య విశ్రాంతమ్మకు తమ్ముడు. మూడేళ్ల కింద ఆమెకు జ్వరం తగ్గకపోతే ఏ దవాఖానాకు పోవాలో కూడా అతనే తేల్చాడు. నాకు వేరేచోటికి తీసుకుపోవాలని ఉండింది. చదువుకున్నవాడు చెబుతున్నాడు కదా అని నోరు మూసుకున్నాను. ఆమె తిరిగి రాలేదు. అందులో అతని తప్పు ఉందో లేదో నాకు తెలియదు. నోరు మూసుకోవడం మాత్రం నా తప్పే. ఇద్దరినీ నేను క్షమించలేదు.

గురువారం ముగ్గురం ఖమ్మం బస్సెక్కాం. వైరా దాటేదాకా జస్టిన్ నోరు ఆగలేదు.

"పెద్ద లాప్‌టాప్ బావా. వెండి రంగు. తెర గింత ఉంటది. అయ్యగారికి ఫోన్ చేసి చెప్పిన, ఆదివారం తెస్తున్నమని."

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. కొత్త వస్తువు ఏది కొన్నా డబ్బా విప్పరు. ఆదివారం ఆరాధనలో బల్ల మీద పెడతారు. అయ్యగారు ప్రార్థన చేశాక ఇంటికి తీసుకుపోయి విప్పుకుంటారు. నిరుడు ఒకరి మిక్సీ డబ్బాలో పగిలిన జార్ దొరికింది. కొని వారమైంది, మాకు సంబంధం లేదు అన్నాడు అమ్మినవాడు. అయినా పద్ధతి మారలేదు.

ఖమ్మంలో కంప్యూటర్ల షాపాయన పేరు రవికుమార్. జస్టిన్ చెప్పిన లాప్‌టాప్‌ను సీలు వేసిన డబ్బాతో సహా ముందు పెట్టాడు. పెద్దదే. స్తుతి దాన్ని చూడలేదు. పక్క అరలో నల్లగా, సన్నగా, బైబిలంత ఉన్న ఒక చిన్న కంప్యూటరును చూస్తోంది. అలాంటిదే కావాలని ఇంట్లో నాకు చెప్పింది. తండాలో ఉండే ధన్‌సింగ్ కూతురు కళ్యాణి అదే కాలేజీలో మూడో సంవత్సరం. ఆ పిల్ల దగ్గర ఉన్నది అదేనట. రోజూ బస్సులో ఒడిలో పెట్టుకుని పని చేసుకుంటుందట. మామ ముందు మాత్రం స్తుతి నోరు లేవలేదు. ఆ రోగం ఆమెకు నా నుంచే అంటింది.

"గది ఏంది?" అని నేనే అడిగాను.

"అది పాతది పెద్దాయనా. కంపెనీలోళ్లు వాడి వదిలేసిన్రు. బాగు చేసి అమ్ముతున్నం. ధర రెండిటికీ ఒక్కటే."

జస్టిన్ నవ్వాడు. "బావా, గది చిన్నపిల్లల పలక లెక్కున్నది. బల్ల మీద పెడితే వెనక బెంచీకి కనపడది. ఒకడు వాడి పారేసిందాన్ని అయ్యగారి ముందట పెడ్తవా? ఇజ్జత్ పోతది."

"చదివేది వెనక బెంచీ కాదు," అన్నాను. "రవికుమార్, రెండూ విప్పు. నడిపి చూపియ్యి."

"విప్పుడేంది?" జస్టిన్ లేచి నిలబడ్డాడు. "ప్రార్థన కాకుండనే?"

"మోటారు నీళ్లల్ల దించి నడిపి చూపెట్టినంకనే నేను కూలి తీసుకుంట. కొనేటప్పుడు చూడకుంట ఎట్ల కొంట?"

"ఇది మోటారు కాదు బావా!"

"అవ్. మోటారైతే నిన్ను తోలుకొచ్చేటోన్నే కాదు."

రవికుమార్ నవ్వు ఆపుకున్నాడు. సీలున్న డబ్బా విప్పితే వాపసు తీసుకోలేనన్నాడు. సరిగ్గా అలాంటిదే చూపించడానికి పెట్టింది ఒకటి ఉందన్నాడు. అది చాలన్నాను.

"పెన్‌డ్రైవ్ తియ్యి బిడ్డా."

కళ్యాణి ఇచ్చిన పెన్‌డ్రైవ్ అది. కాలేజీలో వాడే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్, ఆ పిల్ల గీసిన ఒక చెక్‌డ్యాం బొమ్మ అందులో ఉన్నాయి. ఉత్తగా తిప్పితే ఏ మోటారైనా తిరుగుతుంది. లోడు పడితేనే దాని బతుకు తెలుస్తుంది. కంప్యూటరుకు లోడు అంటే ఏమిటని ముందురోజే స్తుతిని అడిగి తెలుసుకున్నాను.

స్తుతి రెండిట్లోకీ సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. చిన్నదానికి జల్దీ ఎక్కింది. పెద్దదానికి గంట దాటింది. జస్టిన్ రెండుసార్లు చాయ్ తాగి వచ్చాడు. అప్పుడు రెండింటి ఛార్జర్లూ నేనే పీకాను. మా దగ్గర చినుకు పడితే కరెంటు పోతుంది. అడవి మీంచి వచ్చే లైను.

"ఇగ బొమ్మ తెరువు."

చిన్నదాంట్లో చెక్‌డ్యాం లేచి నిలబడింది. రాళ్లు, గోడ, నీళ్లు పోయే దారి అన్నీ కనబడ్డాయి. స్తుతి వేలు జరిపితే గోడ వెనక భాగం కూడా తిరిగి కనబడింది. పెద్దదాని తెర మీద ఒక గుండ్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. తర్వాత తెర తెల్లబడింది. రవికుమార్ ఆర్పి మళ్లీ తెరిచాడు. మళ్లీ తెల్లబడింది. దాని అడుగున చెయ్యి పెట్టి చూశాను. కాలుతోంది.

"నెట్ స్లో ఉన్నట్టున్నది," అన్నాడు జస్టిన్.

"దీనికి నెట్ అక్కర్లేదు మామా."

స్తుతి గొంతు చిన్నదే. షాపంతా వినబడింది.

"దీంట్ల ర్యామ్ సాల్తలేదు. పెద్దదాంట్ల నాలుగే ఉన్నది. చిన్నదాంట్ల పదహారు. నేను ఫోన్ల చెప్పిన నీకు. నువ్వు రంగు గురించి చెప్పుకుంట పోయినవ్."

జస్టిన్ నా వైపు చూశాడు, పిల్ల నోరు మూయిస్తానని. నేను మూయించలేదు.

చిన్నదాని వెనక మూత తీయమన్నాను. రవికుమార్ మరలు విప్పాడు. ఫ్యాను శుభ్రంగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. మాడిన వాసన లేదు. బ్యాటరీ కొత్తది వేశామన్నాడు. ఏడాది గ్యారంటీ బిల్లు మీద రాయించి ముద్ర కొట్టించాను. పాతదంటే నాకు భయం లేదు. మా షాపుకు వచ్చేదంతా పాతదే. లోపల ఏముందో చూడకుండా కొనడమంటేనే భయం.

"ఏది కావాలె బిడ్డా? మామకే చెప్పు."

"చిన్నది," అంది, జస్టిన్ కళ్లలోకి చూస్తూ.

తిరుగు బస్సులో జస్టిన్ డ్రైవరు వెనక సీటులో ఒక్కడే కూర్చున్నాడు.

ఆదివారం బల్ల మీద దాన్ని అలాగే పెట్టింది స్తుతి. డబ్బా లేదు, రిబ్బను లేదు. పాటలు పాడే మహిమ నన్ను ఊరికే వదల్లేదు.

"జోజన్నా, టిఫిన్ డబ్బా మర్చిపోయినట్టున్నవ్ బల్ల మీద."

చర్చి అంతా నవ్వింది. జస్టిన్ తల దించుకున్నాడు. అయ్యగారు డబ్బా కోసం అటూ ఇటూ చూశారు. "ఏదమ్మా?"

స్తుతి మూత తెరిచింది. చెక్‌డ్యాం తెర మీద లేచింది.

"ఇదే అయ్యగారూ. కళ్యాణక్క గీసింది. వాగు నీళ్లు గిట్ల వస్తయి. గీడ గోడ ఆపుతది."

ముందు బెంచీలోని ఒక ముసలి రైతు లేచి దగ్గరికి వచ్చాడు. "మన వాగు మీదైతే గోడ ఎంత పొడుగుండాలె బిడ్డా?"

"కొలవకుండ చెప్పొద్దు తాతా. నేర్చుకుని, వచ్చి కొలుస్త."

వెనక బెంచీ నుంచి కూడా జనం లేచి వచ్చారు. ఆ చిన్న తెర చుట్టూ ఎంతమంది పడతారో అంతమంది నిలబడ్డారు. నవ్విన మహిమ అందరికంటే ముందు ఉంది. అయ్యగారు విప్పిన వస్తువు మీదే చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మా చర్చిలో అది మొదటిసారి. ఆమెన్ అని నేను చాలా గట్టిగా అన్నాను.

రెండు వారాల తర్వాత మహిమ గ్రైండరు తెచ్చింది. డబ్బా లేదు. షాపులోనే పప్పు రుబ్బించి చూశానని చెప్పింది. అయ్యగారు ప్రార్థన చేశారు.

ఆ మరుసటి రోజు జస్టిన్ నా షాపుకు వచ్చాడు. స్తుతి కాలేజీ నుంచి వచ్చి, ఒడిలో కంప్యూటరు పెట్టుకుని ఏదో గీస్తోంది. జస్టిన్ కొడుకు జోయెల్‌కు పాలిటెక్నిక్ సీటు వచ్చిందట.

"బావా, వానికి కూడా కంప్యూటర్ కావాలె. ఒకసారి ఖమ్మం రారాదు."

"రాను," అన్నాను. కుర్చీ కూడా ఇవ్వలేదు.

అతను స్తుతి వైపు తిరిగాడు. "నువ్వన్న రా బిడ్డా."

స్తుతి తల ఎత్తలేదు. "వస్త మామా. ముందుగల జోయెల్‌ను నా దగ్గరికి పంపు. కాలేజీల ఏం పని చేపిస్తరో వాడే చెప్పాలె. నువ్వు చెప్పుడు కాదు."

"సరే బిడ్డా," అన్నాడు జస్టిన్.

ఆ మాట అతని నోట నేను ఎన్నడూ వినలేదు. చేతిలో తీగ చుడుతూనే ఉన్నాను కానీ చుట్ల లెక్క తప్పింది. మొత్తం విప్పి, మొదటి నుంచి మొదలుపెట్టాను. కోపం రాలేదు.