పండని గడ్డ

నేను ఒక గాజు పలకను. ఆసుపత్రి వాళ్ళు స్లయిడ్ అంటారు. వేలెడు పొడవుంటాను, నా మీద కందిగింజంత గులాబిరంగు మరక. ఏడేళ్ళ కుసుమ కంటి వెనక నుంచి పరీక్షకని తీసిన ముక్కలో పలచటి పొర అది. నెల తిరక్కుండానే ఆ పిల్ల కుడికన్ను ముందుకు పొడుచుకొచ్చింది మరి.

నన్ను మైక్రోస్కోపులో చూశాక డాక్టరు కుసుమ నాన్నని పిలిచాడు, అతని పేరు గురువులు. పిల్ల పక్కనే ఉంది, క్యాన్సరన్న మాట ఆయన నోట రాలేదు. "కంటి వెనక గడ్డ ఉంది. ఇది పట్టుకుని విశాఖ వెళ్ళండి" అని చీటీతో సహా నన్నో డబ్బాలో పెట్టి ఇచ్చాడు. మనుషుల మర్యాదలు ఇలాగే ఏడుస్తాయి.

గురువులుది బొబ్బిలి దగ్గర జనపనార మిల్లులో పని. గడ్డంటే అతనికి తెలిసింది సెగ్గడ్డే. పండాలి, పగలాలి, తగ్గాలి. "పండనీ, అప్పుడెల్దాం" అన్నాడు భార్యతో.

నన్ను దేవుడి గూట్లో పెట్టి, డబ్బాకి కుంకుమబొట్టు పెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ పిల్ల జబ్బేమిటో నా ఒంటి మీదే ఉంది, చదివేవాళ్ళే లేరు. అక్కడ కంటికి పసుపు పట్టు, ఇక్కడ నాకు అగరొత్తుల పొగ. మూడు వారాలు అలా పడున్నాను. అంత ఏకాకితనం పగవాడిక్కూడా వద్దు.

టీకాల పనిమీద వచ్చిన నర్సు ఎస్తేరమ్మ డబ్బా చూసి, చీటీ చదివింది. "ఇది పండే గడ్డ కాదు గురువులూ, క్యాన్సరు. పిల్ల దక్కాలంటే ఈరోజే బయల్దేరు" అంది. అతను చొక్కా కూడా మార్చుకోలేదు.

విశాఖలో డాక్టరమ్మ నన్ను చాలాసేపు చూసింది. పిల్లలకొచ్చే అరుదైన క్యాన్సరని, చూస్తుండగానే పెరిగే రకమని చెప్పింది. మందులెక్కించారు, కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. ఏడాది పట్టింది. కుసుమ బతికింది, ఆ కంటికి చూపు మాత్రం రాలేదు.

"అమ్మా, అప్పుడే వచ్చుంటే చూపు మిగిలేదా?" అనడిగాడు గురువులు.

ఆవిడ "చెప్పలేం బాబూ" అంది. నన్నడిగినా అంతే, ఆ సంగతి నా మీద లేదు.

ఇప్పుడు ఆ ఆసుపత్రిలోనే ఇనప బీరువాలో, వేల పలకల మధ్య ఉంటున్నాను. ఐదేళ్ళయింది, నన్నెవరూ ముట్టుకోలేదు. కుసుమ ఒంట్లో ఆ గడ్డ లేదట. మిగిలిందల్లా నా మీది మరకే. ఆ గడ్డ మళ్ళీ వచ్చిందని అనుమానమొస్తేనే, పోల్చి చూడ్డానికి నన్ను బయటికి తీస్తారు. ఒంటరితనం బాధే, కాదనను. అయినా బీరువా తలుపు కిర్రుమంటే చాలు, నాకోసం కాదు కదా అని హడలిపోతాను.