కొంగ నిలిచిన చోటు

నాకు నోరెక్కువని మా పేటంతా అంటుంది. అననీ. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అత్త బతికినన్నాళ్ళూ నన్ను సాధించింది. ఆమె పోయాక ఆ పని నా ఆడబిడ్డ అసిరమ్మ అందుకుంది. అయితే ఆ ఒక్క ఉదయం నా నోరు ఎంత మొత్తుకున్నా ఊళ్ళో ఒక్కరూ వినలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

మా పేట భావనపాడుకు దక్షిణంగా, సముద్రానికీ తంపరకీ మధ్య ఇసుక దిబ్బ మీద ఉంటుంది. ఉప్పునీళ్ళూ వాననీళ్ళూ కలిసి నిలిచే పెద్ద బురదపల్లాన్ని మేం తంపర అంటాం. మగవాళ్ళు పట్టిన చేపను తట్టలకెత్తుకుని ఆడవాళ్ళం ఆ తంపర దాటితేనే టెక్కలి సంత. చుట్టూ తిరిగి వెళితే సంత విడిచే వేళకు చేరతాం, చేప కుళ్ళిపోతుంది. తంపరలో నడిచే దారే మాకు అన్నం పెట్టే దారి. ఆ దారి ఏటా ఒకచోట ఉండదు. వానాకాలం వెళ్ళేసరికి నీళ్ళ అడుగున నేల మారిపోతుంది. కొత్త దారి చూపించేవి పక్షులు.

వానలు ఇంకా కురుస్తుండగానే రెండు జాతులు దిగుతాయి, గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ. రెండూ ఒకే చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి, ఒకే తంపరలో తింటాయి. అయినా ఒకదాని కంచంలో ఇంకొకటి వేలు పెట్టదు. గూడబాతుకు లోతు కావాలి. గుంపుగా తేలుతూ, చేపను తరుముతూ, గొంతు కింది సంచిలోకి నీళ్ళతో సహా తోడుకుంటుంది. కొంగకు ఈత రాదు. మోకాలిలోతు నీళ్ళలో నడుస్తూ, కాలితో బురద కెలుకుతూ, సగం తెరిచిన ముక్కును అటూ ఇటూ ఊపుతూ తగిలినదాన్ని పట్టుకుంటుంది. నేనూ అసిరమ్మా కూడా అలా పంచుకుని తినగలిగితే మా ఇంట్లో సగం తగువులు ఉండేవి కావు.

మా పెద్దలు వాటిని చూసే ఒక మాట పెట్టారు. గూడబాతు తేలిన చోట పడవ, కొంగ నిలిచిన చోట కాలు. తుఫాన్లు వెనకబట్టాక ఒక మంచిరోజు చూసి, కొంగలు నిలిచిన వరసన ఒక మగవాడు వెదురు గెడలు పాతుకుంటూ తంపర దాటుతాడు. ఆ హక్కు మా ఇంటిది. నా మొగుడు కూర్మయ్య తాత నుంచి వస్తోంది. గెడలు పాతడం అయ్యాక ఆ దారిన మొదటి అడుగు పాతినవాడి పెళ్ళానిది, నెత్తిన నిండుతట్టతో. మొగుడి గెడను పెళ్ళామే నమ్మకపోతే పేట ఎలా నమ్ముతుందని ఆ ఆచారం. ఆమె గట్టున ఆగిపోయిందా, హక్కు ఇంకో ఇంటికి పోతుంది, ఆ మగవాడు నలుగురిలో తల ఎత్తుకోలేడు.

నేను చెప్పేది నిరుటి మాట, అరవై ఎనిమిదో సంవత్సరంలోది. దీపావళి ముందు తుఫాను కొట్టింది. పైనుంచి వరద దిగి తంపర అంతా కలగాపులగం చేసింది. నీళ్ళు తీశాక చూద్దుం గదా, పక్షులు చోట్లు మార్చుకున్నాయి. తంపర నడిమధ్య పెద్దమడుగులో ఏటా తేలే గూడబాతులు ఆ మడుగు విడిచిపెట్టి సముద్రం వైపు పాయలో కిక్కిరిసి ఉన్నాయి. పెద్దమడుగు మీద కొంగలు నిలబడ్డాయి.

పేటపెద్ద పోతురాజు మావ ముఖం విచ్చుకుంది.

"మడుగు పూడిపోనాదిరా కూర్మయ్యా. గంగమ్మ తల్లి దారి సూపినాది. ఈ ఏడు ఆడోళ్ళకి సంత సగం నడకే."

అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. నాకు మాత్రం ఆ కొంగల్లో ఏదో తేడా కనబడింది. ఏమిటో మొదట నాకే తెలియలేదు. గట్టున కూర్చుని అంట్లు తోముతూ చాలాసేపు చూశాను. కొంగ మేతకు దిగితే ఒకచోట ఆగదు. ఇవి కదలడం లేదు. మోకాలిలోతులో దిగితే దాని కాలు సగమే కనబడుతుంది. వీటి కాళ్ళు వేళ్ళదాకా కనబడుతున్నాయి, ఎర్రగా. నీళ్ళ మీద నిలబడ్డట్టు ఉన్నాయి.

ఆ సాయంత్రం గంజి పోస్తూ నా మొగుడికి చెప్పాను.

"మావా, ఆ కొంగలు మేస్తన్నట్టు నేదు. కాళ్ళు సూడు ఒకపాలి."

"కొంగ అలిసిపోయి నిల్సుంటాది. నీకేటే?"

"గూడబాతులు పాయలోకి ఎందుకెల్లిపోనాయి మరి?"

"నోతు నేదు గాబట్టి. ఇంకెందుకెల్తాయి?"

"నాకు ఆ నేల మీద నమ్మకం నేదు. ఈ ఏడు పాత దారినే గెడలు పాతు."

"మా తాత నమ్మినాడు, మా అయ్య నమ్మినాడు. నీకు నమ్మకం నేదని నాను మానేత్తానా?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి. పక్కనే చేపకు ఉప్పు రాస్తున్న అసిరమ్మ నవ్వింది. అది పెద్ద ఒళ్ళు మనిషి, నవ్వితే ఇల్లంతా వినబడేది. పెళ్ళయిన ఏడాదికే మొగుణ్ణి సముద్రం తీసుకుంటే పుట్టింటికి తిరిగొచ్చింది. మేమిద్దరం ఒక ఈడువాళ్ళం. పొద్దున్నే తిట్టుకుని రాత్రికి ఒక చాప మీద పడుకునేవాళ్ళం. దాని మీద నాకున్న ప్రేమ దానికి ఏనాడూ చెప్పలేదు, దేవుడా.

"వొదినా, కొంగ కాళ్ళు సూసుకుంటా కూకుంటే మన కాళ్ళు ఎప్పుడు కదుల్తాయే" అంది.

మంచిరోజు వచ్చింది. పేటంతా గట్టున చేరింది. గాలి లేదు. పాయలో గూడబాతులు గుంపుగా తేలుతున్నాయి గానీ ఒక్కటీ పెద్దమడుగు వైపు తొంగి చూడడం లేదు. నా మొగుడు గంగమ్మకు దండం పెట్టి, గెడల కట్ట భుజాన వేసుకుని దిగాడు. కొంగలు ఒక్కొక్కటే లేచి కాస్త అవతల వాలాయి. అతను మొదటి గెడ గుచ్చాడు, నిలబడింది. రెండోదీ నిలబడింది. నా మొగుడు ఎండుచేపలా పీలమనిషి, అడుగులు గబగబా వేస్తాడు. చూస్తుండగానే మడుగు మధ్యకు చేరాడు.

అప్పుడు చూశాను. అతను అడుగు వేసినప్పుడల్లా వెనక పాతిన గెడలన్నీ కొంచెం వంగి లేస్తున్నాయి. నేలలో పాతిన గెడ మనిషి అడుగుకి ఊగదు. పక్కన నిలబడ్డ పోతురాజు మావ చెయ్యి పట్టుకున్నాను.

"మావా, గెడలు ఊగుతన్నాయి."

"గాలికే."

"గాలేదీ?"

ఆయన చెయ్యి విడిపించుకున్నాడు. ఈలోగా నా మొగుడు అవతలి గట్టు ఎక్కాడు. ఎక్కి, తలపాగా విప్పి ఊపాడు. ఇక వంతు నాది. తట్ట నిండా చేపతో నా ముందు ఉంది. నేను దిగకపోతే అతని పరువు పోతుంది. దిగితే నేను పోతానని నాకు తెలుస్తోంది. తట్ట పక్కకు నెట్టి ఇసుకలో కూలబడ్డాను.

"నాను దిగను. ఎవరినీ దిగనివ్వకండి."

"గున్నమ్మా, లెగు. ఆచారం సెడగొట్టకు" అన్నాడు పోతురాజు మావ. గొంతు పెంచలేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

"ఆచారం నన్ను మొయ్యదు మావా. ఆ నేల అసలే మొయ్యదు."

ఆడవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. అవతలి గట్టున నా మొగుడు ఊపుతున్న చెయ్యి దించేశాడు. ఆ దించడం చూడలేకపోయింది అసిరమ్మ. వచ్చి నా తట్ట ఎత్తుకుంది.

"ఒసే అసిరీ, ఒద్దే. నీ కాళ్ళట్టుకుంటాను."

"మా అన్న పరువు నీకు నేకపోతే నాకున్నాది. లెగిసి దారియ్యి."

నేను దాని చీరకొంగు పట్టుకున్నాను. కొంగు లాక్కుని దిగింది. నెత్తిన నిండుతట్ట, పెద్ద ఒళ్ళు, నిదానమైన నడక. గెడ పక్కనుంచి గెడ పక్కకు వెళ్ళింది. గెడలు ఇప్పుడు బాగా ఊగుతున్నాయి, అందరికీ కనబడేలా. వెనక్కి రమ్మని పోతురాజు మావ కూడా చెయ్యి ఊపాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. మడుగు మధ్యలో అసిరమ్మ ఆగి నా వైపు తిరిగింది. ఏదో అనబోయింది. కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. అంతలో దాని నడుము దాకా నేల మింగేసింది, ఆపైన తట్ట పక్కకు ఒరిగింది, ఆపైన తట్ట ఒక్కటే ఉంది.

పెద్ద చప్పుడు కూడా కాలేదు. అది దిగిన కన్నం చుట్టూ ఉన్న బురద మళ్ళీ దగ్గరకు వచ్చి కలుసుకుంది. నా మొగుడు అవతలి నుంచి పరుగెత్తుకొచ్చి మోకాళ్ళదాకా దిగబడ్డాడు. అతనికి వలతాడు విసిరి, బోర్లా పడుకోబెట్టి లాగారు. కొడవళ్ళతో కోస్తే తెలిసింది. వరద తెచ్చిన తుంగా గుర్రపుడెక్కా మడుగు మీద పరుపులా పేరుకుని, దాని మీద ఒండ్రు కప్పింది. పరుపులోని వేళ్ళే గెడలను పట్టి నిలబెట్టాయి. కింద మడుగు ఎప్పటిలాగే ఉంది, గెడకు అడుగు అందలేదు. పైన మూత పడింది కాబట్టే ఈదే గూడబాతు పాయలోకి పోయింది. అసిరమ్మ కూడా చివరికి ఆ పాయలోనే, గూడబాతుల మధ్య తేలింది.

పేటలో పంచాయితీ పెట్టారు. కొంగది తప్పన్న మాట ఎవరి నోటా రాలేదు. పెళ్ళాం అడుగు పడకపోవడం వల్ల తంపర బలి తీసుకుందని తేల్చారు. హక్కు మా ఇంటి నుంచి తీసేసి సూరయ్య ఇంటికిచ్చారు. నా మొగుడు తలొంచుకుని విన్నాడు. ఇంటికొచ్చాక నాతో అన్నాడు.

"కొంగలు నిల్సున్నాయి గదే ఆడ."

"నిల్సుంటాయి. కొంగ బరువెంత మావా? అసిరి బరువెంత?"

అతను గోడవైపు తిరిగి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

ఏడాది తిరిగింది. పక్షులు వచ్చాయి. కొంగలు మళ్ళీ పెద్దమడుగు మీదే నిలబడ్డాయి, గూడబాతులు పాయలోనే ఉన్నాయి. ఏడాది ఎండకి ఆ బురద గట్టిపడి ఉంటుందని పోతురాజు మావ మంచిరోజు చూశాడు. సూరయ్య గెడలు కొట్టించుకున్నాడు. అతని పెళ్ళాం అమ్మడు మొన్ననే కాపురానికి వచ్చిన పిల్ల. పేటలో నాతో ఎవరూ మాట్లాడరు. ఆ పిల్ల మాత్రం నిన్న నీళ్ళకని వచ్చి నా గుమ్మంలో నిలబడింది. బిందె గడప పక్కన దించింది.

"అత్తా, రేపు నానేటి సెయ్యాల?"

"గట్టు మీద నిలబడి కొంగల కాళ్ళు సూడు. ఆనక గెడలు సూడు."

"సూసి?"

"సూసి కూకో. నా పక్కన సోటున్నాది."