మూడో చరణం ఉన్న క్యాసెట్

తమ్ముడు కొనమన్న రెండో వస్తువు కూడా దండగే అయింది.

మొదటిది సన్నటి యూఎస్‌బీ వైరు. పాత వీడియో కెమెరాకీ కంప్యూటరుకీ మధ్య దాన్ని తగిలిస్తే ఎప్పుడో తీసిన నాలుగు ఫోటోలు వచ్చాయి తప్ప క్యాసెట్‌లో ఉన్నది రాలేదు. రెండోది వీడియోను కంప్యూటరులోకి ఎక్కిస్తుందన్న అగ్గిపెట్టెంత డబ్బా. దానికి పెట్టుకోమని తమ్ముడే తన షాపు నుంచి మూడు రంగుల వైరు ఇచ్చాడు. తెర నీలంగా వెలిగి ఊరుకుంది.

"నీ కంప్యూటర్ ముసలిదైపోయిందక్కా. కొత్తది కొన్నప్పుడు చూద్దాంలే," అన్నాడు తమ్ముడు.

పెళ్ళిళ్ళకు వీడియోలు తీయడం ఇరవై ఏళ్ళుగా వాడి పని. టైలరుగా ఆమెకు గుడ్డ సంగతి తెలిసినట్టు వాడికి ఈ సంగతులు తెలుసు. అందుకే వాడి మాటే ఆమెకు వేదం. నీ షాపులోనే ఎక్కించి ఇవ్వమంటే మాత్రం పెళ్ళిళ్ళ సీజనని వాయిదా వేస్తూ వచ్చాడు.

ఆ క్యాసెట్‌లో అమ్మ ఉంది. పోయే ముందు ఏడాది, ఇంట్లో రోజూ పాడే సాయంత్రం ప్రార్థనను ఐదు చరణాలూ కూర్చుని పాడితే తమ్ముడు తీశాడు. ఆ రోజు ఆమె పనిలో ఉండి చూడలేకపోయింది. అమ్మ పోయాక ప్రార్థన ఆమె వంతైంది. నాలుగు చరణాలు నోటికొచ్చాయి. మూడోదానికి మాటలున్నాయి గానీ, రాగం ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. అక్కడికొచ్చేసరికి పాఠం అప్పజెప్పినట్టు చదివేసేది. ఇలాంటివి పట్టించుకునే తీరిక దేవుడికుంటుందా అని అనిపించేది. అయినా మనసు ఒప్పేది కాదు. కెమెరాకున్న చిన్న తెర పాడైపోయింది కాబట్టి కంప్యూటరొక్కటే దారి.

చివరికి కంప్యూటరు డబ్బా, కెమెరా, ఆ వైర్లూ అన్నీ ఆటోలో వేసుకుని, పాత సామాను బాగుచేసి అమ్మే రేడియోలావిడ దగ్గరికి వెళ్ళింది.

రేడియోలావిడ మూడు రంగుల వైరును తిప్పి చూసింది. "ఇది ఈ కెమెరాది కాదే. ఎవరిచ్చారు మీకు?"

"మా తమ్ముడు. కంప్యూటర్ పాతదన్నాడు."

"పాతదవడమే మీ అదృష్టం. దీనికి కావలసింది ఫైర్‌వైర్ కార్డు, క్యాసెట్‌లో బొమ్మను కంప్యూటరులోకి ఎక్కించేది. కొత్తవాటిలో అది పట్టదు. సెకండ్ హ్యాండ్‌ది ఉంది, మీరు కొన్న డబ్బాకంటే చవక." మూత విప్పుతూ అడిగింది. "మీ తమ్ముడంటే, మలుపులో వీడియో షాపు ఆయనేగా? ఆయన షాపులో కార్డు నేనే బిగించాను. రోజూ దాంతోనే పని. ఆయనకు తెలియకపోవడమేంటండీ?"

ఆమె మరిచిపోయుంటాడులే అనుకుంది.

కార్డు బిగించారు. గంట క్యాసెట్ ఎక్కాలంటే గంటసేపు ఆడాల్సిందే, తొందరపెట్టడానికి లేదంది రేడియోలావిడ. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది.

తెర మీద అమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది. "ఏరా, ఇది తిరుగుతోందా, లేక నన్ను ఊరికే కూర్చోబెట్టావా?" అంది. మొదటి చరణం పాడింది. రెండోది పాడింది. మూడోదానికి ఊపిరి తీసుకుంది.

బొమ్మ ఒక్కసారి అదిరింది. అమ్మ ఉన్నచోట ఎవరిదో పెళ్ళి విందు. వరసగా బల్లలు, ఎంగిలి ప్లేట్లు. కెమెరా వెనకనుంచి తమ్ముడి గొంతు: "బాబాయ్ గారూ, ఒక్కసారి ఇటు నవ్వండి."

క్యాసెట్ అయిపోయేదాకా ఆమె కదల్లేదు. అమ్మ మళ్ళీ రాలేదు.

ఆమె వెళ్ళేసరికి తమ్ముడు షాపులో ఒక్కడే ఉన్నాడు. ఆమె మొహం చూసి హెడ్‌ఫోన్స్ తీసేశాడు.

"చూశావా?"

"చూశాను."

"విందు మధ్యలో క్యాసెట్లు అయిపోయాయక్కా. బ్యాగులో అదొక్కటే ఉంది. అమ్మ పాట అయిపోయాక బోలెడు ఖాళీ ఉందిగా, అక్కణ్ణించి తీద్దామనుకున్నా. అందాజాగా ముందుకు తిప్పాను. తిప్పింది చాల్లేదు."

"అది పొరపాటు. పని తొందరలో ఎవరికైనా జరుగుతుంది. మరి ఆ వైర్లు?"

వాడు తల దించుకున్నాడు.

"ఒకటి కాకపోతే ఒకటి కొనిపించావు. నేను నీ మాట నమ్మి వాటితో కుస్తీ పడుతుంటే చూస్తూ కూర్చున్నావు."

"విసిగిపోయి వదిలేస్తావనుకున్నా. లోపల అమ్మ పాట ఉందనే అనుకుంటూ ఉంటావు కదా, నీకూ బాధ ఉండదని..."

"నా బాధ సంగతి నీకెందుకురా? నీ మొహం దాచుకోవడానికి చేశావని చెప్పు."

వాడు హెడ్‌ఫోన్స్ వైరు చుట్టడం మొదలెట్టాడు. ఆమె అడిగింది. "తీసేటప్పుడు నువ్వు అమ్మ ఎదురుగా ఉన్నావు. మూడో చరణం విన్నావు. పాడు."

వాడు గొంతు సవరించుకుని, తల ఎత్తకుండా సన్నగా పాడాడు. ఎక్కడా తడబడలేదు. రాగం మెత్తగా పైకి వెళ్ళి, అమ్మ దింపినట్టే దిగింది.

అమ్మ దింపినట్టేనా?

ఆమె మళ్ళీ పాడమంది. అలాగే పాడాడు. అది అమ్మ రాగమో, తనను పంపించేయడానికి వాడు అప్పటికప్పుడు కట్టిందో ఆమెకు తెలియలేదు. అడిగితే అమ్మదే అంటాడు. కెమెరాకు ఈ వైరే అని కూడా ఇంతే తడబడకుండా చెప్పాడు.

ఆ సాయంత్రం ప్రార్థనలో మూడో చరణం దగ్గరికొచ్చేసరికి తమ్ముడు పాడిన రాగమే నోటిదాకా వచ్చింది. ఆమె పెదాలు బిగించి, ఎప్పటిలా మాటలు మాత్రమే చదివింది.