నాలుగు వేళ్ల సందు

పొద్దున్నే కొట్టు షట్టరెత్తగానే వజీహా చేసే మొదటి పని, కరెంటు అందుతోందో లేదో చూపే టెస్టు లైటు తీగల కొనలకు పట్టిన చిలుము గీకడం. మీనా పట్నంలో సముద్రం రోడ్డుకి అవతలే. రాత్రి మిలమిలా తుడిచిపెట్టిన రాగి తెల్లారేసరికి పచ్చబడుతుంది. గీకుతూ బిస్మిల్లా అనుకుంటుంది. ఈలోగా కాఫీలమ్మే అబూ షౌకీ చేతిలో కప్పులు గలగలలాడించుకుంటూ వచ్చి, అడక్కుండానే చేదు కాఫీ ఒకటి గల్లాపెట్టె మీద పెడతాడు.

కార్ల కరెంటు పని ఆమెకు నేర్పింది వాళ్ల నాన్న రషాద్. ఆయన పోయి మూడేళ్లయింది. పోయేముందు ఏడాది పాటు కూతురితో మాట్లాడలేదు. మొగుడి దగ్గర పద్దెనిమిదేళ్లు నోరు మూసుకుని పడుండి, ఇక చాలని ఒక సంచీతో తిరిగొచ్చిన రోజున, "నీ మీద నాకు రిదా లేదు పో" అన్నాడు. తల్లో తండ్రో "నిన్ను చూసి నా మనసు చల్లగా ఉంది" అని దీవించడమే రిదా. అది దక్కని బిడ్డ నమాజు చేసినా, ఉపవాసమున్నా, ఏదో వెలితి వెంటాడుతూనే ఉంటుందని అక్కడివాళ్ల నమ్మకం. వజీహా నమ్మకమూ అదే.

చివరి రోజున ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది తమ్ముడు ముంజిర్. దారిలోనే పోయాడు. మట్టి పోసి వచ్చాక వజీహా గుమ్మం దగ్గర తమ్ముడి చెయ్యి పట్టుకుని అడిగింది, నా గురించి ఏమైనా అన్నాడా అని.

"నీ ఊసే ఎత్తలేదక్కా," అన్నాడు ముంజిర్.

ఆ మాట మీదే ఆమె ఇంటిలో తన వాటా వదిలేసింది. దీవించని తండ్రి గోడల మధ్య ఏ మొహంతో ఉండను అనుకుంది. ఏటా రెండు పండగలకీ ఊరంతా మర్టల్ అనే వాసన చెట్టు కొమ్మలు పట్టుకుని సమాధుల దగ్గరికి పోతే, ఆమె గేటు బయటే నిలబడి ఫాతిహా ప్రార్థన చదివి తిరిగొచ్చేది.

ఆ ఉదయం ముంజిర్ కారు వేసుకొచ్చాడు. నాన్నదే, ఎనభైల నాటి ఎర్ర కారు. రెండే సీట్లు, నేలకి అతుక్కుని పరిగెత్తే రకం. వెనకాలే ఇంకో బండిలోంచి ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి దిగాడు.

"అక్కా, వీరు నఖ్లేగారు. జహ్లే నుంచి వచ్చారు, బండి కొంటున్నారు. వారసులందరి సంతకం కావాలట. ఒక్క గీత గీసెయ్, పనైపోతుంది."

వజీహా చేతులు తుడుచుకుని పెన్ను తీసుకుంది. నఖ్లే ఈలోపు కారులో కూర్చుని మీటలు నొక్కి చూశాడు. ఒక్క అద్దమూ కదల్లేదు.

"ఇదేమిటండీ? ఊపిరాడని బండి నేనేం చేసుకోను? రెండద్దాలూ దిగితేనే బేరం."

"డ్రైవరు వైపుది చూడక్కా చాలు. రెండోదాని మోటారు కాలిపోయింది," అన్నాడు ముంజిర్ గబగబా.

"రెండూ," అన్నాడు నఖ్లే.

వజీహా పెన్ను పక్కన పెట్టి, డ్రైవరు వైపు మీట నొక్కింది. డాష్‌బోర్డు దీపం కాస్త మసకబారింది. అంటే కరెంటు అందుతోంది, అద్దమే ఎక్కడో పట్టేసింది. తలుపు లోపలి అట్ట ఊడదీసింది. అద్దం జారే రబ్బరు ఎండిన చేపలా బిగుసుకుంది, గ్రీజు రాయైంది. గీకి, తుడిచి, నూనె పట్టించి మళ్లీ నొక్కింది. అద్దం మూలుగుతూ దిగింది. బిగించిన కారు అద్దాల వెనక అన్న మాటలు ఆ ఊళ్లో ఎక్కడికీ పోవు, అద్దంలోనే ఉండి అది దిగినప్పుడు వినబడతాయి. ఇదీ దిగుతూంటే అందులో మూసిపెట్టిన మాటలన్నీ బయటికొచ్చాయి.

"సైడివ్వరా గాడిదా! నీకు లైసెన్సిచ్చినవాడి మీసం తగలెయ్యా!" అది ముంజిర్ గొంతు. వెంటనే అదే గొంతు తేనెలో ముంచినట్టు, "అయ్యో సార్, మీ మాట కాదంటానా సార్." ఆ తర్వాత శ్రుతి తప్పిన పాట.

అబూ షౌకీ కప్పులు కింద పెట్టి మరీ నవ్వాడు. "అందుకే మా ఆవిడ ఏ కారెక్కినా నోటికి కుట్లేసుకుని కూర్చుంటుంది!"

"ఒకసారి దిగితే ఖాళీయేగా?" అన్నాడు నఖ్లే. "కొన్నాక కూడా ఈయన తిట్లు నేను మోయాలా?"

"ఖాళీయే. పోయిన మాట మళ్లీ రాదు," అంది వజీహా.

రెండో వైపుకి వెళ్లింది. ఆసుపత్రికి పోతూ నాన్న కూర్చున్న వైపు. ఆ రోజు చలి, అద్దం బిగించి ఉంది; ఆ తర్వాత ఎవరూ దింపలేదు. మీట నొక్కితే దీపం మసకబారలేదు.

"కాలిపోయిందన్నానా?"

"కాలితే వాసన ఉంటుంది. లేదు."

రెండు మీటలూ అటుదిటు మార్చి చూసింది. అదే తీరు. మీట దగ్గర టెస్టు లైటు వెలిగింది. తలుపులో మోటారు దగ్గర వెలగలేదు. మిగిలింది మధ్యలో దారి. తలుపు మడతబందు దగ్గర రబ్బరు తొడుగులోంచి తీగలు పోతాయి. ఏళ్ల తరబడి తలుపు తీసీ వేసీ అక్కడే తెగుతాయి. పోగు పోగుగా, పచ్చబడి, ముసలాడి గడ్డంలా విచ్చుకుని తెగుతాయి.

తొడుగు వెనక్కి లాగింది. రెండు తీగలూ కత్తెరతో దారం కోసినంత సాఫుగా ఉన్నాయి. కొనలకు ఒక్కోదానికీ శ్రద్ధగా టేపు చుట్టి ఉంది.

వజీహా ఒక కొనకున్న టేపు విప్పి చూసింది.

"ఇది తెగింది కాదు. తెంపింది."

"అక్కా, పరాయివాళ్ల ముందు..."

"ఎప్పుడు తెంపావ్?"

ముంజిర్ నేల చూశాడు. "మట్టి పోసిన రోజే. అంతకుముందు ఆ అద్దం ఎక్కడైనా ఒంటరిగా దింపేద్దామని కొండదాకా పోయాను. పారబొయ్యలేకపోయాను. బాబా గొంతు కదా."

"పారబొయ్యలేదు. నాకివ్వనూ లేదు." ఆమె గొంతు ఎప్పుడూ లేచేది కాదు, ఇప్పుడూ లేవలేదు. "నిన్ను నమ్మి అప్పగించిన మాట కడుపులో వేసుకుని మూడేళ్లు నా ఎదుట అన్నం తిన్నావ్."

తీగలు మెలిపెట్టింది. రెండుసార్లు జారాయి, మూడోసారి కుదిరాయి. టేపు చుట్టి, బిస్మిల్లా అని, మీట మీద వేలు పెట్టింది.

అద్దం అంగుళం దిగింది. ముందు దగ్గు వచ్చింది. తర్వాత, పీలికలైన ఊపిరి మధ్య రషాద్ గొంతు.

"వజీహాకి ఫోన్ చెయ్యి."

"ముందు ఆసుపత్రి చేరనీ బాబా. తర్వాత."

"తర్వాత లేదురా. దానికి చెప్పు. దాని మీద నాకు రిదా ఉంది. ఈ లోకంలోనూ, ఆ లోకంలోనూ. మొండితనం నాదే అని చెప్పు. చెప్తావా?"

"చెప్తాను బాబా. ఒట్టు."

వజీహా వేలెత్తేసింది. అద్దం నాలుగు వేళ్ల సందు దగ్గర ఆగింది.

నఖ్లే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నాకీ బండి వద్దమ్మా. ఇందులో మీ సొమ్ముంది," అని తన బండెక్కి వెళ్లిపోయాడు.

ముంజిర్ ఏడుస్తున్నాడు. "ఇంటి కోసం అన్నానక్కా ఆ మాట. తర్వాత ఎలా చెప్పాలో తెలీలేదు. క్షమించు."

"ఆరు పండగలు గేటు బయట నిలబడ్డాను. ఆరుసార్లూ నా పక్కనుంచే లోపలికెళ్లావ్. ఒక్కసారైనా నీ కాలు తడబడిందా?" చెయ్యి చాపింది. "తాళం."

ఇచ్చాడు.

"ఇంటి సంగతి ఖాజీగారి ముందు మాట్లాడుకుందాం. ఇప్పుడు నా కళ్ల ముందు నుంచి పో."

నూనె చేతులతోనే కారెక్కింది. ఆ మధ్యాహ్నం మొదటిసారి గేటు దాటి లోపలికెళ్లి, నాన్న రాయి మీద అరచేయి ఆనించింది. దాని మీద నల్లగా ఐదువేళ్ల అచ్చు పడింది. తుడవలేదు.

ఇప్పటికీ ఆ అద్దం నాలుగు వేళ్ల సందు దగ్గరే ఉంది. వానొస్తే సీటు తడుస్తుంది. "ఊళ్లో అందరి అద్దాలూ బాగుచేస్తావు, నీది చేసుకోవేం?" అని అబూ షౌకీ వేళాకోళం చేస్తే, "బాగానే ఉంది, ఇంకా మాటలున్నాయి దాన్లో," అంటుంది.

మొన్నటి పండగకి సమాధుల గేటు బయట ముంజిర్ నిలబడి ఉన్నాడు, చేతిలో మర్టల్ కొమ్మతో. వజీహా అతని పక్కనుంచే లోపలికెళ్లింది.

రమ్మని అనలేదు.